సిమ్యులేషన్ కావాలా, ఏఐ కావాలా? భవనం కార్బన్ తగ్గించాలనుకునేవాళ్లకి ఒక పోలిక

కొత్తగా కట్టబోయే పెద్ద భవనమైతే సిమ్యులేషన్ చేయించండి. ఇప్పటికే నడుస్తున్న, సెంట్రల్ ఏసీ ఉన్న భవనమైతే ఏఐ గురించి ఆలోచించండి, అదీ మీటర్లు, సెన్సర్లు సరిగ్గా ఉంటేనే. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ అయితే రెంటికీ డబ్బు పెట్టొద్దు, ఆ డబ్బు టెర్రస్ మీద పెట్టండి. ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పే మాట ఇది. ఎందుకో, ఎక్కడ ఈ మాట మార్చుకోవాల్సి వస్తుందో కింద వివరంగా చెబుతాను.

ఈమధ్య అమ్మకానికి వచ్చేవాళ్లు సిమ్యులేషన్‌నీ ఏఐనీ కలిపి ‘డిజిటల్ ట్విన్’ (భవనానికి కంప్యూటర్‌లో నకలు) అని ఒకే ప్యాకేజీగా చూపిస్తున్నారు. కొనేవాళ్లు మాత్రం ఈ రెంటినీ విడదీసి చూడాలి, ఎందుకంటే అవి జవాబు చెప్పే ప్రశ్నలు వేరు. సిమ్యులేషన్ అంటే భౌతికశాస్త్ర సూత్రాల లెక్క. గోడ మందం, అద్దం రకం, కిటికీ దిక్కు, ఎంతమంది ఉంటారు, ఏసీ ఎలాంటిది అని చెబితే, ఏడాదిలోని 8,760 గంటల్లో గంటగంటకీ ఆ భవనంలోకి ఎంత వేడి వస్తుందో, దాన్ని తీసెయ్యడానికి ఎంత కరెంటు కావాలో లెక్కకడుతుంది. భవనం ఇంకా కాగితం మీదే ఉన్నా ఫర్వాలేదు. ఏఐ అలా కాదు. జరిగిపోయిన రీడింగుల నుంచి నేర్చుకుంటుంది. రీడింగులే లేని భవనం గురించి దానికేమీ తెలియదు. ఈ ఒక్క తేడా గుర్తుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

మనకిది ఎందుకింత ముఖ్యమంటే, మన దేశంలో గ్రిడ్ నుంచి ఒక యూనిట్ కరెంటు వాడితే సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి వెళ్తుంది. కేంద్రం 2019లో తెచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ అంచనా ప్రకారం 2017-18తో పోలిస్తే 2037-38 నాటికి దేశంలో కూలింగ్ అవసరం దాదాపు ఎనిమిది రెట్లు అవుతుంది. హైదరాబాద్ పడమటి అంచున వరసగా లేస్తున్న టవర్లని చూస్తే ఆ అంచనా కష్టమేమీ అనిపించదు. ఈరోజు పోసే ప్రతి స్లాబూ, బిగించే ప్రతి అద్దమూ యాభై ఏళ్ల కరెంటు బిల్లుని నిర్ణయిస్తోంది.

కట్టకముందు

పడమటి గోడంతా అద్దం పెట్టాక, దాన్ని తీసి ఇటుక కట్టించుకునేవాళ్లని నేను చూడలేదు. అందుకే తర్వాత మార్చలేని నిర్ణయాల దగ్గరే సిమ్యులేషన్‌కి విలువ. భవనం ఏ దిక్కుకి పొడవుగా ఉండాలి, అద్దం ఎంత శాతం, సన్‌షేడ్ ఎన్ని అడుగులు, గోడకి తేలికపాటి ఏఏసీ బ్లాకా మామూలు ఇటుకా, చిల్లర్ (సెంట్రల్ ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రం) ఎంత టన్నేజీ. ఇవన్నీ డ్రాయింగ్ దశలో పైసా ఖర్చు లేకుండా మార్చుకోవచ్చు. వర్కింగ్ డ్రాయింగులు అయిపోయాక, సర్టిఫికెట్ పాయింట్ల కోసం చేయించే సిమ్యులేషన్ వల్ల కార్బన్ ఏమీ తగ్గదు. అప్పటికే తీసుకున్న నిర్ణయాలకి అది ఒక రిపోర్టు రాసిపెడుతుంది, అంతే. మీ ఆర్కిటెక్ట్ ‘సిమ్యులేషన్ తర్వాత చూద్దాం’ అంటే ఒప్పుకోవద్దు.

సిమ్యులేషన్ నిజంగా నమ్మదగినదేనా అని చాలామంది అడుగుతారు. దీనికి మన దగ్గరే ఒక మంచి ఉదాహరణ ఉంది. హైదరాబాద్ దగ్గర పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో 2011లో తెరిచిన ఎస్‌డీబీ-1 భవనాన్ని రెండు సమాన భాగాలుగా కట్టారు. ఒక సగంలో బాగా ట్యూన్ చేసిన మామూలు ఏసీ, గాలిని చల్లబరిచి డక్టుల ద్వారా పంపేది. రెండో సగంలో రేడియంట్ కూలింగ్, అంటే స్లాబులో వేసిన పైపుల్లో చల్లని నీళ్లు తిప్పి స్లాబునే చల్లబరచడం. రెండు వైపులా ఒకే రకం గోడలు, ఒకే రకం పని, దాదాపు అంతేమంది మనుషులు. రెండేళ్లు విడివిడిగా మీటర్లు పెట్టి కొలిస్తే రేడియంట్ సగం 34 శాతం తక్కువ కరెంటు వాడింది. కట్టడానికైన ఖర్చు మాత్రం రెంటికీ ఇంచుమించు సమానం. నాకు ఇందులో నచ్చేది ఆ శాతం కన్నా ఆ పద్ధతి. డిజైన్ దశలో లెక్కకట్టారు, కట్టాక కొలిచారు, ఆ అంకెని అందరి ముందూ పెట్టారు. ఏ కన్సల్టెంట్ వచ్చినా ‘మీరు ముందు చేసిన భవనంలో లెక్క ఎంత వచ్చింది, తర్వాత మీటరు ఎంత చూపించింది’ అని అడగండి. జవాబు లేకపోతే ఇంకొకరిని చూసుకోండి.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, ఎక్కువ పరికరాల వెనక ఇంజిన్ ఒక్కటే. అది అమెరికా ఇంధన శాఖ తయారుచేయించిన ఎనర్జీప్లస్. ఉచితం. ఓపెన్‌స్టూడియో, డిజైన్‌బిల్డర్ లాంటివి దాని పైన కట్టిన ముఖాలు. ఓపెన్‌స్టూడియో కూడా ఉచితమే గానీ నేర్చుకోవడానికి ఓపిక కావాలి. డిజైన్‌బిల్డర్‌కి డబ్బు కట్టాలి, పని తొందరగా అవుతుంది. ఐఈఎస్ వీఈకి సొంత ఇంజిన్ ఉంది, పెద్ద సంస్థలు వాడతాయి. వీటిలో ఏది మంచిదన్న వాదనలో నేను ఎక్కువసేపు కూర్చోను. సాఫ్ట్‌వేర్ తేడా వల్ల వచ్చే పొరపాటు కన్నా, లోపల ఇచ్చే అంకెల వల్ల వచ్చే పొరపాటు చాలా పెద్దది.

ఆ అంకెల్లో మొదటిది వాతావరణ ఫైలు. భవన నిబంధనల్లో హైదరాబాద్‌ది మిశ్రమ వాతావరణం, విజయవాడ, విశాఖలది వేడి-తేమ వాతావరణం. విశాఖలో కట్టే హోటల్‌కి హైదరాబాద్ ఫైలు పెట్టి లెక్క చేస్తే, గాలిలో తేమ తియ్యడానికి ఏసీ పడే శ్రమ చాలావరకు కనిపించకుండా పోవచ్చు. రెండోది షెడ్యూలు. ఆఫీసు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకే అని మోడల్‌లో రాస్తారు. అమెరికా క్లయింట్లకి పనిచేసే కంపెనీలో రాత్రి రెండింటికి కూడా రెండు ఫ్లోర్లు నిండుగా ఉంటాయి. రిపోర్టు చివరి పేజీలోని శాతం చూసి సంతకం పెట్టకండి, ఈ రెండు విషయాలు ఏం పెట్టారో అడిగి చదవండి.

నిబంధనల వైపు నుంచి కూడా ఎంచుకోవడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. పెద్ద వాణిజ్య భవనాలకి వర్తించే ఇంధన పొదుపు నియమావళి ఈసీబీసీలో, గోడకింత, అద్దానికింత, చిల్లర్‌కింత అని రాసిపెట్టిన పరిమితుల్ని ఒక్కొక్కటీ పాటించడం ఒక దారి. మొత్తం భవనాన్ని సిమ్యులేట్ చేసి, ప్రామాణిక భవనం కన్నా ఎక్కువ వాడదని చూపించడం రెండో దారి. డబ్బా లాంటి మామూలు ఆఫీసుకి మొదటిదే హాయి. అద్దం ఎక్కువ కావాలి, బదులుగా నీడా మంచి చిల్లరూ పెడతాం అనేవాళ్లకి రెండోది తప్పదు. అయితే ఈ రెండో దారిని అద్దాల మోజుకి అనుమతి పత్రంలా వాడుకోవడం నాకు ఇష్టం ఉండదు. చిల్లర్ పదిహేను, ఇరవై ఏళ్లలో మారుతుంది, అద్దం గోడ ఉండిపోతుంది.

అపార్ట్‌మెంట్లకి

ఇక్కడ నేను గట్టిగా చెబుతాను. చిన్న, మధ్యతరహా నివాస భవనాలకి పూర్తిస్థాయి సిమ్యులేషన్ దండగ. కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో ఒక సూటి లెక్క ఉంది. గోడలు, కిటికీల గుండా ఇంట్లోకి వచ్చే వేడి సగటున చదరపు మీటరుకి 15 వాట్లు దాటకూడదు. దీన్ని లెక్కకట్టే పరికరాన్ని బీఈఈ ఉచితంగానే ఇస్తోంది. ఇంకొంచెం ముందుకెళ్లాలంటే ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ వారి ఎడ్జ్ ఆన్‌లైన్ పరికరం ఉంది. అందులో కరెంటు, నీళ్లతో పాటు సిమెంటు, స్టీలు లాంటి సామగ్రి లెక్క కూడా వస్తుంది. బిల్డర్లు ఈ రెంటినీ వాడితే చాలా ప్రశ్నలకి సాయంత్రానికల్లా జవాబు దొరుకుతుంది.

ఇప్పటికే కట్టేసిన అపార్ట్‌మెంట్ అయితే పై అంతస్తు వాళ్లని అడగండి, సమస్య ఎక్కడుందో వాళ్లే చెబుతారు. మే నెల రాత్రి పదింటికి కూడా సీలింగ్ కింద చెయ్యి పెడితే సెగ తగులుతుంది. దీని మీద హైదరాబాద్‌లోనే కొలిచిన అంకెలున్నాయి. అమెరికాలోని లారెన్స్ బర్క్లీ ల్యాబ్, మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు ఇక్కడి ఆఫీసు భవనాల మీద తెల్లపూత వేసి కొలిచి 2011లో ఫలితాలు ప్రచురించారు. మామూలు కాంక్రీటు కప్పుకి తెల్లపూత వేస్తే కప్పు వైశాల్యంలో ప్రతి చదరపు మీటరుకి ఏడాదికి 13 నుంచి 14 యూనిట్లు మిగిలాయి. నల్లటి కప్పుని తెల్లగా మారిస్తే 20 నుంచి 22 యూనిట్లు. అంటే 500 చదరపు మీటర్ల కాంక్రీటు టెర్రస్ మీద ఏడాదికి 6,500 యూనిట్ల పైమాట, కార్బన్ లెక్కలో నాలుగున్నర టన్నులు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చిందంటే వెనక ఇలాంటి పరిశోధనల బలం ఉంది.

కానీ ఆ అంకెని తీసుకొచ్చి మీ భవనానికి అలాగే అతికించకండి. అవి పగలంతా ఏసీ నడిచే ఆఫీసులు. మీ పై అంతస్తులో పగలు ఏసీ వెయ్యకపోతే కరెంటు మిగులు తక్కువ, సుఖం మాత్రం ఎక్కువ, ఏసీ కొనాల్సిన రోజు వెనక్కి జరుగుతుంది. ముప్ఫై అంతస్తుల టవర్‌కి టెర్రస్ తెల్లగా వేసినా మొత్తం బిల్లులో కనిపించేంత తేడా రాదు, అక్కడ వేడంతా గోడలు, కిటికీల నుంచి వస్తోంది. అందుకే టవర్ కట్టే బిల్డర్‌కి సిమ్యులేషన్ కావాలంటాను, ఐదంతస్తుల అసోసియేషన్‌కి వద్దంటాను.

నడుస్తున్న భవనానికి ఏఐ

ఏఐ గురించి గొప్పగా చెప్పే ప్రతిచోటా ఒక ఉదాహరణ వస్తుంది. 2016లో గూగుల్ తన డేటా సెంటర్లలో తన సంస్థే అయిన డీప్‌మైండ్ ఏఐతో కూలింగ్‌కి వాడే కరెంటుని 40 శాతం వరకు తగ్గించానని ప్రకటించింది. అది నిజమే. కానీ డేటా సెంటర్‌లో వేల సెన్సర్లు ఉంటాయి, లోడు రాత్రింబవళ్లు ఉంటుంది, కిటికీ తెరిచేవాళ్లు ఉండరు. మామూలు ఆఫీసుకి దగ్గర ఉదాహరణ కావాలంటే న్యూయార్క్‌లోని 45 బ్రాడ్‌వే చూడండి. అక్కడ బ్రెయిన్‌బాక్స్ ఏఐ అనే కంపెనీ వ్యవస్థ పెట్టాక పదకొండు నెలల్లో ఏసీ, హీటింగ్ కరెంటు 15.8 శాతం తగ్గిందన్నారు. బర్క్లీ ల్యాబ్ పరిశోధకులు 2024లో అమెరికాలోని మధ్యతరహా ఆఫీసు భవనాల మీద ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2050 నాటికి ఏఐ వల్ల శక్తి వాడకం, కార్బన్ 8 నుంచి 19 శాతం వరకు తగ్గొచ్చు. మంచి విధానాలు, శుభ్రమైన కరెంటు కూడా తోడైతే శక్తి 40 శాతం, కార్బన్ 90 శాతం దాకా తగ్గొచ్చని అదే అధ్యయనం అంటోంది. ఏఐ ఒక్కటీ ఎంత చేస్తుంది, మిగతావి కలిస్తే ఎంత అవుతుంది అన్నది ఈ రెండు జతల అంకెల మధ్య తేడాలో కనిపిస్తుంది. ఎవరైనా మీకు నలభై శాతం మాటిస్తే, అది ఎలాంటి భవనంలో వచ్చిందో అడగండి.

ఏఐ చేసే పని నిజానికి చాలా మామూలు పని. చిల్లర్ నుంచి వచ్చే నీళ్లు ఏడు డిగ్రీలు ఉండాలా, ఇవాళ తొమ్మిది చాలా? సోమవారం పొద్దున ఏహెచ్‌యూలు (ఫ్లోర్లకి చల్లగాలి పంపే యంత్రాలు) ఎన్నింటికి మొదలుపెడితే తొమ్మిదికల్లా ఫ్లోరు చల్లబడుతుంది? పంపులు, కూలింగ్ టవర్ ఫ్యాన్లు ఎంత వేగంతో తిరగాలి? అనుభవం ఉన్న ఆపరేటర్ ఇవన్నీ చెయ్యగలడు, కానీ పావుగంటకోసారి, మూడు షిఫ్టుల్లో, ఏడాది పొడవునా చెయ్యలేడు. ఏఐ చెయ్యగలదు. దాని బలం ఆ ఓపికే.

అయితే ఏఐ పెట్టకముందు ప్లాంట్ రూములోకి వెళ్లి లాగ్ షీట్ తిరగెయ్యండి. గంటగంటకీ రాయాల్సిన ఉష్ణోగ్రతలు ఆరు గంటల పాటు ఒకే అంకెతో, ఒకే పెన్నుతో, ఒకే వంపుతో ఉంటే అది షిఫ్టు చివర కూర్చుని రాసిన కాగితం. తర్వాత పైపుల మీద గేజీలు చూడండి. చల్లని నీళ్లు ఏడు డిగ్రీలకి వెళ్లి పన్నెండుకి తిరిగిరావాలని డిజైన్ చేసిన చోట తొమ్మిదికే తిరిగొస్తున్నాయంటే, నీళ్లు పని చెయ్యకుండా ఊరికే తిరుగుతున్నాయి. ఎక్కడో ఒక వాల్వు తెరుచుకుని బిగుసుకుపోయి ఉంటుంది, లేదా బైపాస్ ఎవరో తెరిచి మర్చిపోయి ఉంటారు. పంపులు నిండు వేగంతో నడుస్తుంటాయి, రెండో చిల్లర్ అవసరం లేకుండానే ఆన్ అవుతుంది. దీన్ని కనిపెట్టడానికి ఏఐ అక్కర్లేదు, నిచ్చెనా, థర్మామీటరూ, పని తెలిసిన ఫిట్టరూ చాలు. ఇది సరిచెయ్యకుండా ఏఐ పెడితే, పాడైన వాల్వునే మామూలు పరిస్థితి అనుకుని అది దాని చుట్టూ నేర్చుకుంటుంది. ఫ్లోర్లలో థర్మోస్టాట్లు ఇరవై రెండులో ఉంటే ముందు ఇరవై నాలుగుకి మార్చండి. ఒక్కో డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు సుమారు 6 శాతం మిగులుతుందని బీఈఈ చెబుతోంది. ఈ పనులయ్యాక మిగిలేదే ఏఐ వాటా.

లెక్క కుదురుతుందో లేదో ఇలా చూసుకోండి. మీ ఏసీకి ఏడాదికి పది లక్షల యూనిట్లు అవుతున్నాయనుకుందాం. ఏఐ 8 శాతం మిగిల్చితే 80,000 యూనిట్లు, సుమారు 56 టన్నుల కార్బన్. యూనిట్‌కి ఎనిమిది రూపాయలు వేసుకుంటే ఆరు లక్షల నలభై వేలు. ఏఐ కంపెనీ ఏడాది చందా, సెన్సర్ల ఖర్చు, భవనం యంత్రాలని నడిపే కంప్యూటర్ వ్యవస్థ బీఎంఎస్‌కి కలిపే ఖర్చు ఇందులో ఇమిడితే ముందుకెళ్లండి. స్ప్లిట్ ఏసీలతో నడిచే చిన్న ఆఫీసులో ఈ లెక్క కుదరదని నా అభిప్రాయం, అక్కడ టైమర్లూ ఫైవ్ స్టార్ ఇన్వర్టర్లూ ఎక్కువ చేస్తాయి.

ఒప్పందంలో ఒక్క విషయం మీద పట్టుబట్టండి. మిగులుని ఎలా కొలుస్తారు? ‘పోయినేడాది ఏప్రిల్‌తో పోలిస్తే’ అంటే ఒప్పుకోకండి, ఈ ఏప్రిల్‌లో రెండు వానలు పడితే ఆ పేరు కూడా ఏఐకే పోతుంది. ఒక వారం ఏఐ, ఒక వారం పాత పద్ధతి, అలా మూడు నెలలు మార్చి మార్చి నడపమనండి. పెద్ద కనెక్షన్లకి ఉండే హెచ్‌టీ మీటరు తక్కువ వ్యవధిలో రికార్డు చేసే లోడ్ సర్వే డేటా కరెంటు పంపిణీ సంస్థ డిస్కం నుంచి తీసుకుంటే పోలిక మీ చేతుల్లోనే ఉంటుంది. ఆ రీడింగులన్నీ మీ సొత్తని, ఒప్పందం ముగిసినా మీకే ఉండాలని రాయించుకోండి.

ఇక్కడే ఒక మాట. ఏఐ, సిమ్యులేషన్ రెండూ కరెంటునే చూస్తాయి, ఏసీలో చల్లదనం కోసం నింపే గ్యాసుని చూడవు. ఆర్-410ఏ గ్యాసు ఒక కిలో లీకైతే దాని ప్రభావం సుమారు 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే దాదాపు మూడు వేల యూనిట్ల కరెంటు. ఆర్-32 అనే ఇంకో గ్యాసుకి ఆ అంకె 675. ప్రతి వేసవి ముందూ ‘గ్యాస్ టాప్‌అప్’ చేయించుకునే భవనం, లీకు వెతికించి మూయిస్తే వచ్చే లాభం ఏ డ్యాష్‌బోర్డులోనూ కనిపించదు. కానీ నిజంగా వస్తుంది.

రెండూ కలిసే చోటు

కొన్ని పనులకి సిమ్యులేషన్ నెమ్మది. ఇరవై రకాల అద్దాలు, పది రకాల గోడలు, ఐదు దిక్కులు, ఆరు రకాల సన్‌షేడ్లు అంటే ఆరు వేల కలయికలు. ఒక్కోటీ నడిపించడం కష్టం. అందుకని కొన్ని వందలు ఎనర్జీప్లస్‌లో నడిపి, ఆ ఫలితాలతో ఒక మెషీన్ లెర్నింగ్ మోడల్‌ని నేర్పిస్తారు, మిగతావాటిని అది క్షణాల్లో అంచనా వేస్తుంది. టౌన్‌షిప్ ప్లాన్ చేసేవాళ్లకి, ఒకే డిజైన్‌ని పది ఊళ్లలో కట్టే సంస్థలకి ఇది చాలా పనికొస్తుంది. ఒక్క భవనానికి మాత్రం వద్దు. దీన్ని వాడినా, చివరికి ఎంచుకున్న రెండు మూడు డిజైన్లని మళ్లీ అసలు సిమ్యులేషన్‌లో నడిపి చూసుకోవాలి.

ఊరంతటికీ

నగర స్థాయిలో ప్రశ్న మారిపోతుంది. ఒక్క భవనం బిల్లు ఎంతని కాదు, ఏ వార్డులో ముందు పని మొదలుపెట్టాలి, సబ్‌స్టేషన్ మీద సాయంత్రం ఎంత భారం తగ్గుతుంది అన్నది ప్రశ్న. దీనికి నగర భవన శక్తి నమూనాలు ఉన్నాయి. బర్క్లీ ల్యాబ్ వారి సిటీబీఈఎస్, జ్యూరిక్ ఈటీహెచ్‌లో మొదలైన సిటీ ఎనర్జీ అనలిస్ట్, ఎంఐటీ వారి యూమీ అలాంటివే. భవనాల ఆకారాలు ఒక్కోటీ గీసుకోవాల్సిన పని కూడా తగ్గింది. ఉపగ్రహ చిత్రాల నుంచి ఏఐ గుర్తించిన భవనాల హద్దులని గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ పేరుతో ఉచితంగా ఇస్తోంది, అందులో మన దేశమూ ఉంది. ఎత్తుల అంచనాలు కూడా తర్వాత చేర్చారు.

మున్సిపల్ అధికారులకి, ప్లానర్లకి నా సలహా ఒక్కటే: సాఫ్ట్‌వేర్ టెండరు కన్నా ముందు డేటా సంగతి చూడండి. ఆకారం తెలిసినంత మాత్రాన వాడకం తెలియదు. పక్కపక్కనే ఒకే ఎత్తున్న రెండు భవనాల్లో ఒకటి ఆసుపత్రి, ఇంకోటి సగం ఖాళీ షాపింగ్ కాంప్లెక్స్ కావచ్చు. న్యూయార్క్‌లో 2009లో చేసిన చట్టం ప్రకారం పెద్ద భవనాలు ఏటా తమ శక్తి వాడకం ప్రకటించాలి, ఆ లెక్కలు అందరికీ అందుబాటులో ఉంటాయి. ఆ పునాది ఉంది కాబట్టే 2019లో లోకల్ లా 97 తెచ్చి, 25,000 చదరపు అడుగులు దాటిన భవనాలకి 2024 నుంచి కార్బన్ పరిమితి పెట్టగలిగారు. పరిమితి దాటితే టన్నుకి 268 డాలర్ల జరిమానా. హైదరాబాద్‌కీ, విశాఖకీ, విజయవాడకీ అంత దూరం ఇప్పుడే వెళ్లాలని నేను అనను. ఆస్తి పన్ను రికార్డులో ఉన్న భవన రకం, వైశాల్యం, కట్టిన సంవత్సరం ఒకవైపు, డిస్కం దగ్గరున్న నెలవారీ యూనిట్లు ఇంకోవైపు. వినియోగదారుల పేర్లు తీసేసి, వార్డు వారీగా, భవన రకం వారీగా ఈ రెంటినీ కలిపి బయటపెట్టమనండి. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు ఉచిత సాఫ్ట్‌వేర్లతోనే మొదటి నగర నమూనా తయారుచెయ్యగలరు, ఎక్కడ తెల్లపూత వెయ్యాలో, ఎక్కడ పాత చిల్లర్లు మార్చాలో వీధి పేరుతో సహా చెప్పగలరు.